అనుమానపు దెబ్బ

టైలరు మాస్టారికి తోడల్లుడంటే కడుపుమంట. ఈ ముక్క ముందే చెప్పేస్తే ఒక పనైపోతుంది. ఎందుకంటే అతన్నే అడిగితే, "ఛ ఛ, నాకెందుకండీ? వాడి రాత వాడిది, నా రాత నాది" అంటాడు. అంటూనే కత్తెర కాస్త గట్టిగా ఆడిస్తాడు. ఆ చప్పుడు విన్నవాళ్లకి సంగతి తెలిసిపోతుంది.

కోటు కుట్టడంలో మాస్టారిది మంచి చెయ్యి. "కోట్లు కుట్టడమే గానీ కోట్లు చూసింది లేదు పాపం" అని పక్కనున్న చెప్పుల కొట్టు ముసలాయన రోజుకోసారైనా అంటాడు. మాస్టారు రోజూ కొత్తగా విన్నట్టే నవ్వుతాడు. ఆ మాటకి ఏడవడు. తోడల్లుడి జుట్టు చూసి ఏడుస్తాడు. యాభై దాటినా ఆ మనిషికి దువ్వెన విరిగేంత ఒత్తు జుట్టు. మాస్టారి నెత్తి మీద ఉన్న నాలుగు పోచలూ ఏ పక్కకి దువ్వితే ఆ పక్కే కాస్త కనిపిస్తాయి, రెండో పక్క బోడి. తోడల్లుడు పెద్ద ఫర్నిచరు షోరూముకి మేనేజరు. పట్టిందల్లా బంగారం. గొడుగు మర్చిపోయి బయల్దేరితే వాన ఆగిపోతుంది. మాస్టారు గొడుగు మోసుకెళ్లిన రోజున చచ్చినా చుక్క రాలదు.

పోనీ చెడ్డవాడా అంటే అదీ కాదు. అదే మాస్టారి ఖర్మ. చెడ్డవాడైతే హాయిగా తిట్టుకోవచ్చు. తోడల్లుడు నవ్వుతూ వస్తాడు, "అన్నయ్యా" అని నోరారా పిలుస్తాడు, వెళ్తూ వెళ్తూ ఏదో సాయం కూడా చేసి పోతాడు. అలాంటివాణ్ణి చూసి కుళ్లుకోవాలంటే ఎంత ఓపిక కావాలి! మాస్టారికి ఆ ఓపిక ఉంది.

అసలు మంట జుట్టు దగ్గరా కాదు, షోరూము దగ్గరా కాదు.

ఈ కొట్టు ఒకప్పుడు మామగారిది. మాస్టారు అప్పట్లో ఇక్కడే బట్ట కత్తిరించే పనిలో ఉండేవాడు. మామగారి పెద్ద కూతురు లోపలి గదిలో కిటికీ పక్కన కూర్చుని కోట్లకి కాజాలు కుట్టేది. తోడల్లుడు అప్పటికింకా తోడల్లుడు కాడు, మంచాలూ కుర్చీలూ అమ్మే కుర్రాడు. ఓ కోటు కుట్టించుకోవడానికి వచ్చాడు. కొలతలు సరిపోయినా సరిపోలేదంటూ మళ్లీ మళ్లీ వచ్చాడు. చివరికి కాజాలు కుట్టే పిల్లని, నన్ను చేసుకుంటావా అని అడిగేశాడు. ఆమె కాదంది. ఆ తర్వాత మాస్టారు అడిగాడు. అతనికి సరేనంది. ఇంకొన్నాళ్లకి ఆ కుర్రాడు ఆమె చెల్లెల్ని చేసుకుని ఇంటి అల్లుడయ్యాడు. ఈ కథ మాస్టారికి ఆమె చెప్పలేదు. పెళ్లయిన ఏడాదికి కొట్లో ఇస్త్రీ చేసేవాడు మాటవరసకి అనేసి నాలుక్కరుచుకున్నాడు.

అప్పట్నుంచీ మాస్టారి గుండెలో ఒకే ప్రశ్న. కాదంది, సరే. కాదన్నాక ఎప్పుడైనా "అయ్యో" అనుకుందా? అడగొచ్చుగా? అడగడు. అడిగితే జవాబు వస్తుందని భయం. "మా మరిది కొత్త బల్ల పంపించాడండీ, ఎంత బాగుందో" అని ఆమె మామూలుగా అన్నా, ఆ "ఎంత బాగుందో" అన్నది బల్లనా మరిదినా అని ఆ పూటంతా తిండి సయించదు.

ఇక ఆట సంగతి. ఆదివారం మధ్యాహ్నం కొట్టు షట్టరు సగం దించి, మాస్టారు బట్ట కత్తిరించే పెద్ద బల్ల మీద ఫుట్‌బాల్ ఆడతాడు. నవ్వకండి. ఆకుపచ్చ కోటు గుడ్డ పరిచి, సుద్దతో గీతలు గీస్తాడు. అదే మైదానం. ఆటగాళ్లు కోటు గుండీలు. చొక్కా మెడ దగ్గరి చిన్న గుండీ బంతి. రెండు చివర్లా పుల్లలతో చేసిన గోలు, దాని ముందు దారపు రీలు నిలబెడితే గోల్ కీపరు. క్యారమ్స్ కొట్టినట్టు పెద్ద గుండీని గోటితో కొడితే, అది జారి వెళ్లి బంతిని నెట్టాలి. ఒకరి తర్వాత ఒకరు, తలా ఒక దెబ్బ. కోటు గుండీలు మార్పించుకున్నవాళ్లు పాతవి వదిలేసి పోతుంటారు కదా, ఒక్కో కోటు గుండీలు ఒక్కో జట్టు. డాక్టరుగారి నలుపు, హెడ్మాస్టరు బూడిద, బ్యాండుమేళం ఎరుపు, ఇలా ఓ లీగు. అన్ని జట్లూ అన్ని జట్లతో ఆడాలి. చివరికి పైనున్న రెండింటికీ ఫైనలు. గెలిచినవాళ్లకి కప్పు కూడా ఉంది, మామగారు వాడిన ఇత్తడి వేలితొడుగు. సూది గుచ్చుకోకుండా వేలికి పెట్టుకునేది.

ఆడేది మాత్రం ఒక్కడే. రెండు జట్లూ తనే.

అక్కడే ఉంది తంటా అంతా. ఇద్దరు ఆడితే ఒకడు మోసం చేస్తే రెండోవాడు అరుస్తాడు. ఒక్కడే ఆడితే అరిచేదెవరు? అందుకని మాస్టారు నియమాలు పెట్టుకున్నాడు. బల్లకి అటో స్టూలు, ఇటో స్టూలు. ఏ జట్టు వంతు వస్తే ఆ జట్టు వైపు స్టూలు మీదికి వెళ్లి కూర్చోవాలి. ఇటు నుంచే వంగి కొట్టేస్తే అది కొట్టినట్టు కాదు. కూర్చున్నాక, "ఇప్పుడు నేను వీళ్లవాణ్ణి" అని ఒకసారి మనసులో అనుకోవాలి. ఆట మొదలయ్యే ముందు అన్ని గుండీల్నీ ఒకే గుడ్డతో ఒకేలా తుడవాలి. దేశాల్ని ఏలేవాళ్లు కూడా ఇంత నిష్ఠగా ఉండరు!

ఇన్ని జట్లలో మాస్టారికి పట్టేవి రెండే. ఒకటి తెల్ల ముత్యపుచిప్ప గుండీలు, తన పెళ్లి కోటువి. అందులో ఒకటి అంచు విరిగింది. రెండోది గోధుమరంగు కొమ్ము గుండీలు, నున్నగా, బరువుగా, దర్జాగా ఉంటాయి. అవి తోడల్లుడు కుట్టించుకున్న ఆ మొదటి కోటువి. కోటు తీసుకెళ్లాక తిరిగొచ్చి, ఇత్తడివి వేయమని ఇవి తీయించేశాడు. ఎవరి కోటు గుండీలో మాస్టారు ఎవరికీ చెప్పలేదు. గోధుమరంగు జట్టు అంటాడు, అంతే.

ఏటా కప్పు గోధుమరంగుదే.

మొదట్లో అలా కాదు. గోధుమరంగు గుండీ గోలు పక్కనుంచి పోయినప్పుడల్లా మాస్టారికి లోపల చల్లగా ఉండేది. ఆ చల్లదనం చూసుకుని అతనికే సిగ్గేసింది. వాడి మీద కుళ్లుతో నా వేలు కావాలని తప్పించిందేమో! ఈ బల్ల మీద కూడా నేను కుళ్లుబోతునేనా? ఊళ్లో ఎక్కడ ఏడ్చినా ఇక్కడ మాత్రం న్యాయంగా ఉండాలి. ఇక్కడ కూడా లేకపోతే ఇంకెక్కడుంటాను? ఇలా అనుకుని ఓ కొత్త నియమం పెట్టాడు. నా వేలు మోసం చేసిందని అనుమానం వస్తే ఆ దెబ్బ మళ్లీ కొట్టాలి. దానికి పేరు అనుమానపు దెబ్బ.

ఇహ చూసుకోండి. గోధుమరంగుకి మళ్లీ కొట్టడం, గోలు పడటం. అది గెలిచిన ప్రతిసారీ మాస్టారికి ఒళ్లు మండిపోయేది, కానీ పళ్లు బిగబట్టి వేలితొడుగు ఆ గుండీల పక్కన పెట్టేవాడు. న్యాయంగా ఓడిపోయాను కదా అని ఓ వెర్రి గర్వం.

ఆ ఏడాది ఫైనలుకి వారం ముందు, తెలుపూ గోధుమరంగూ మామూలు ఆటలో తలపడుతుంటే భార్య వచ్చి ఎదురుగా కూర్చుంది. ఎప్పుడూ రాదు. ఆ వేళ లోపలి గదిలో లైటు పాడైతే వెలుతురు కోసం కాజాల పని పట్టుకుని వచ్చింది. కుడుతూ కుడుతూ కాసేపు చూసింది.

"ఇదేంటండీ, దానికి మళ్లీ కొట్టారు?"

"అనుమానపు దెబ్బ. వేలు మోసం చేసిందేమోనని అనుమానం వస్తే మళ్లీ కొట్టాలి. అది నియమం" అన్నాడు మాస్టారు, కోర్టులో జడ్జి లాగా.

"మరి ఇందాక తెల్లది తప్పిపోతే కొట్టలేదే?"

"దాని మీద అనుమానం రాలేదు."

"ఎందుకు రాలేదు?"

మాస్టారు దారపు రీలుని అటూ ఇటూ సర్దాడు.

"గోధుమరంగువాళ్లు తప్పితే ప్రతిసారీ అనుమానం. తెల్లవాళ్లు తప్పితే పాపం, వాళ్ల చేతకానితనం. అంతేనా? ఒకళ్లకి రెండేసి దెబ్బలు, ఒకళ్లకి ఒక్కోటి. బాగుంది న్యాయం!" అని దారం కొరికింది. "ఆ గోధుమరంగువాళ్లంటే మీకు అంత ప్రేమేంటండీ?"

ఆమె నవ్వుతూనే అంది. కానీ మాస్టారికి నషాళానికి అంటింది. ఏళ్ల తరబడి పడ్డ మంటంతా ప్రేమ అయిపోయిందా! "నాకు కాదు, నీకే" అనేశాడు.

ఆమె చేతిలో సూది ఆగిపోయింది. అతన్నీ, బల్ల మీది గోధుమరంగు గుండీల్నీ, మళ్లీ అతన్నీ చూసింది. కోటు మడిచి చంకలో పెట్టుకుని, లైటు లేని గదిలోకే వెళ్లిపోయింది.

నోరు జారితే తీసుకోలేం కదా. ఆ వారమంతా ఇంట్లో మాటలు పొడిపొడిగా నడిచాయి. "వడ్డించనా?" "వడ్డించు." మాస్టారు కత్తిరిస్తున్నాడు, ఆలోచిస్తున్నాడు. ఆమె చెప్పింది నిజం. తెల్లది తప్పితే అనుమానించాల్సింది లేదని ఎలా అనుకున్నాడు? తనకి తనే అన్యాయం చేసుకోడని ఏంటి నమ్మకం? పోనీ ఆ నియమం ఎత్తేద్దామా అంటే, అది మళ్లీ కుళ్లుతో ఎత్తేసినట్టవుతుంది. చివరికి దాన్ని ఉంచి, దానికో షరతు ముడివేశాడు. శనివారం సాయంత్రం భార్య వినేలా, గోడతో చెప్పినట్టు చెప్పాడు. "రేపట్నుంచి అనుమానపు దెబ్బ రెండు జట్లకీ ఉంటుంది. కానీ అనుమానం ఎందుకో పైకి చెప్పాలి. పైకి చెప్పలేని అనుమానానికి దెబ్బ లేదు."

గోడ ఏమీ అనలేదు. లోపలి నుంచి, "మంచిదే" అని వినిపించింది.

ఆదివారం ఫైనలు. ఆట సగం అయింది. చెరో గోలు. తెల్లవాళ్లు ఆ ఏడాది ఎన్నడూ లేనంత బాగా ఆడుతున్నారు. గోధుమరంగుది రెండుసార్లు తప్పింది. మాస్టారు రెండుసార్లూ ఆగి, లోపల వెతుక్కున్నాడు. ఈసారి చల్లదనమేమీ లేదు, ఉత్తి గురి తప్పడమే. పైకి చెప్పడానికి ఏమీ లేదు కాబట్టి మళ్లీ కొట్టలేదు. ఎంత హాయిగా ఉందో! అటు స్టూలు నుంచి ఇటు స్టూలుకి కుర్రాడిలా తిరుగుతున్నాడు.

అప్పుడు షట్టరు కింద నుంచి ఒత్తుజుట్టు లోపలికి వచ్చింది.

"అన్నయ్యా! ఆదివారం కూడా పనేనా?" అంటూ తోడల్లుడు నడుం నిటారు చేశాడు. చేతిలో కోటు, దాని చెయ్యి దగ్గర కుట్టు ఊడింది. బల్ల చూసి కళ్లు పెద్దవి చేశాడు. "అబ్బో, ఇదేంటి? ఆటా? నాకెప్పుడూ చెప్పలేదే!"

చెప్పక తప్పలేదు. మాస్టారు పుల్లవిరుపుగా రెండు ముక్కల్లో చెప్పాడు. ఎవరి గుండీలో మాత్రం చెప్పలేదు. తోడల్లుడు ఎదుటి స్టూలు మీద కూర్చోబోతే, "అది ఆటగాడి స్టూలు" అని లేపేశాడు. అలికిడికి భార్య లోపలి నుంచి కాజాల పనితో వచ్చి గుమ్మం దగ్గర కూర్చుంది.

తోడల్లుడు బల్ల మీదికి వంగి రెండు జట్లనీ చూశాడు. "నేను తెల్లవాళ్ల వైపు. చూడు, ఆ విరిగిన గుండీ కూడా ఎలా పోరాడుతోందో! మనవాళ్లు గెలవాలి అన్నయ్యా. వదినా, మీరెవరి వైపు?"

"నేను కాజాల వైపు" అందామె తలెత్తకుండా.

మాస్టారికి నోట్లో చేదు ఊరింది. ఏవైపు! తెల్లవాళ్ల వైపా? పెళ్లి కోటు గుండీలు! ఉన్న ఒక్క జట్టునీ కూడా వీడికి ఇవ్వాలా? గోధుమరంగు గెలిస్తే వాడి గుండీలు గెలిచినట్టు. తెలుపు గెలిస్తే వాడు పందెం కాసినవాళ్లు గెలిచినట్టు. ఎటు తిరిగినా వాడే! ఎక్కడో ఎవడో వీడి పుట్టుకని పనిగట్టుకుని రాశాడు.

"కొట్టు, కొట్టు!" అని తోడల్లుడు అరుస్తున్నాడు. గోడ గడియారం ముల్లు, ఆట ముగిసే గీత దగ్గరికి వచ్చేసింది. తెల్లవాళ్లది ఆఖరి దెబ్బ. బంతి గోలు ముందే ఉంది. దారపు రీలు ఒక పక్కకి జరిగిపోయి సగం గోలు ఖాళీ. పసిపిల్ల కొట్టినా పడుతుంది. మాస్టారు తెల్లవాళ్ల స్టూలు మీద కూర్చుని వేలు వంచాడు.

"మనదే అన్నయ్యా! మనదే!"

గోరు గుండీని తాకింది. గుండీ బంతిని రాసుకుంటూ పక్కకి జారి బల్ల మీంచి కింద పడింది. బంతి పుల్లలకి జానెడు దూరం నుంచి పక్కకి పోయింది.

"అయ్యయ్యో! పోనీలే" అన్నాడు తోడల్లుడు. "ఎవరికైనా అవుతుంది."

మాస్టారికి లోపల చల్లగా ఉంది. ఆ చల్లదనం అతనికి బాగా తెలుసు. ఏళ్లపాటు గోధుమరంగు తప్పినప్పుడు వచ్చిన చల్లదనమే. ఇప్పుడు తన జట్టే తప్పితే వచ్చింది. కింద పడ్డ గుండీ తీద్దామని వంగాడు. లేచేసరికి భార్య సూది పక్కన పెట్టి అతన్నే చూస్తోంది.

ఊరుకోవచ్చు. ఆట సమం, వచ్చే వారం మళ్లీ ఆడుకోవచ్చు, తోడల్లుడు నోరెండి ఇంటికి పోతాడు. ఎవరికీ తెలియదు. కానీ ఆమె చూసింది. ఆమె చూడకపోయినా తనకి తెలుసు.

"అనుమానపు దెబ్బ" అన్నాడు మాస్టారు.

"అనుమానం ఎందుకో పైకి చెప్పాలన్నారు" అంది భార్య మెల్లగా.

చెప్పాలి. వీడి ముందు! మాస్టారు బల్ల అంచు రెండు చేతులా పట్టుకున్నాడు. "తమ్ముడు... తెల్లవాళ్ల వైపు ఉన్నాడు. వాడు గెలవకూడదు. ఎందులోనూ గెలవకూడదు. అందుకని నా వేలు కావాలనే తప్పించింది."

తోడల్లుడు ఒకసారి మాస్టారినీ, ఒకసారి వదిననీ చూసి, అంతలో పగలబడి నవ్వాడు. "నేనా? ఈ గుండీల ఆటలోనా? భలేవాడివి అన్నయ్యా! సరే సరే, కొట్టు. మళ్లీ కొట్టు!"

ఆ నవ్వు కంటే తిట్టినా బాగుండేది. మాస్టారు గుండీని గుడ్డతో తుడిచి, ఉన్నచోటే పెట్టాడు. బంతినీ వెనక్కి తెచ్చి పెట్టాడు. "ఇప్పుడు నేను వీళ్లవాణ్ణి" అనుకున్నాడు. తోడల్లుడు తన వెనకే నిలబడి ఊపిరి బిగబట్టాడు. మాస్టారు కొట్టాడు. విరిగిన అంచు గుండీ నేరుగా వెళ్లి బంతిని పుల్లల మధ్యకి తోసింది.

"గోల్!" అని తోడల్లుడు ఎగిరి గంతేశాడు. మాస్టారిని భుజాలు పట్టుకుని ఊపేశాడు. "గెలిచాం! కప్పేది? ఇదేనా?" అని వేలితొడుగు లాక్కుని చిటికెన వేలికి పెట్టుకున్నాడు. "దీన్ని మా ఇంట్లో చూపించాలి" అంటూ తెచ్చిన కోటు అక్కడే మర్చిపోయి షట్టరు కింద నుంచి దూరి వెళ్లిపోయాడు. బయట చెప్పుల కొట్టు ముసలాయనకి, తను ఎలా గెలిచాడో చేతులు తిప్పుతూ చెబుతున్న మాటలు లోపలికి వినిపిస్తున్నాయి.

ఇన్నేళ్లకి గెలిచి, మాస్టారు ఒట్టి చేతుల్తో స్టూలు మీద కూర్చున్నాడు.

భార్య వచ్చి ఎదుటి స్టూలు మీద కూర్చుంది. ఆటగాడి స్టూలని అతను అనలేదు. గోధుమరంగు గుండీ ఒకటి తీసి వెలుతురులో తిప్పి చూసింది. "వీటిని విప్పింది నేనే. మొన్నే గుర్తుపట్టాను" అంది. "గుండీలు మార్చాలన్నది ఉత్తి వంక. ఆ రోజు మళ్లీ అడిగాడు. మళ్లీ కాదన్నాను. అతనికి అప్పుడే రెండు దెబ్బలూ అయిపోయాయండీ. మీరు ఇంకా కొట్టిస్తూనే ఉన్నారు."

ఇన్నేళ్ల ప్రశ్నకి జవాబు బల్ల మీద, చేతికందేంత దూరంలో ఉంది. కానీ కుళ్లు ఊరుకుంటుందా?

"రెండోసారా? రెండోసారి కూడా అడిగాడా? నాకెవరూ చెప్పలేదే! ఏమని అడిగాడు?"

ఆమె నవ్వాపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఏమనో అడిగాడు, మంచి మంచి మాటలే. మీరు ఒక్కసారే అడిగారు. అదీ సగమే అడిగి నీళ్లు నమిలారు. మిగతా సగం నేనే అనుకుని సరేనన్నాను. చాలా, ఇంకా కావాలా?"

మాస్టారు ఆమెని చూశాడు. ఏదో అనబోయాడు, ఎప్పట్లాగే సగంలో ఆగిపోయింది. లేచి, షట్టరు పూర్తిగా పైకెత్తి, చెప్పులైనా వేసుకోకుండా వీధిలోకి దిగాడు.

"తమ్ముడూ, ఆగు! అది ఇటివ్వు" అన్నాడు వీధంతా వినేలా. "అది నేను గెలిచింది."